నాన్నగారి సంవత్సరీకం, ఒక నృత్యరూపకం: మా ఊళ్లో ఆడవచ్చునా?

జీడితోట:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేటకు దగ్గరలో ఉన్న ఒక పల్లె. నేను విజయనగరంలో కూచిపూడి నేర్చుకుని, ఇప్పుడు అక్కడే పిల్లలకు నాట్యం చెబుతున్నాను. మా నాన్నగారు కిడ్నీ జబ్బుతో నాలుగేళ్ల పాటు డయాలసిస్ మీద ఉండి, కిందటి మాఘమాసంలో కాలం చేశారు. మా ప్రాంతం సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. కవిటి మొదలుకొని వజ్రపుకొత్తూరు దాకా ఈ జబ్బు మా ఊళ్లను ఎన్నో ఏళ్లుగా పట్టి పీడిస్తోంది. కారణం ఇదీ అని ఖాయంగా తేల్చి చెప్పినవారు ఇంతవరకు లేరు.

రాబోయే మాఘంలో నాన్నగారి సంవత్సరీకం వస్తుంది. ఆ సందర్భంలో నలభై నిమిషాల నృత్యరూపకం ఒకటి కూర్చి, మా ఊరి రామమందిరం ముందున్న ఖాళీ స్థలంలో ఆడాలని నా కోరిక. ఈ ఆలోచన ఎలా పుట్టిందో చెబితేనే నా ప్రశ్న మీకు అర్థమవుతుంది.

ఒకనాడు పిల్లలకు కరుణరసం గురించి పాఠం చెబుతున్నాను. దానికి శోకం స్థాయీభావమనీ, వర్ణం కపోతవర్ణమనీ, అధిదేవత యముడనీ, నేను మా గురువుగారి దగ్గర వల్లె వేసినవన్నీ చెప్పి, ఇక అభినయించి చూపించబోయేసరికి, నా కుడిచేతి రెండు వేళ్లు వాటంతట అవే వెళ్లి ఎడమ ముంజేతి లోపలివైపు ఆనుకున్నాయి. అది నేను నేర్చుకున్న హస్తముద్రలలో ఏదీ కాదు. అది మా అమ్మ చెయ్యి.

డయాలసిస్ కోసం నాన్నగారి ఎడమ ముంజేతిలో ఆపరేషన్ చేసి సిరను, ధమనిని కలిపి ఫిస్టులా వేశారు. అది సరిగా పనిచేస్తున్నంత కాలం, అక్కడ వేలు ఆనిస్తే గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు ఒక అదురు తెలుస్తుంది. ఆ అదురు ఆగిపోయిందంటే రక్తం గడ్డకట్టిందన్నమాట; వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకని మా అమ్మ రోజూ పడుకునే ముందు, అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున మరొకసారి, నాన్నగారి నిద్ర చెడకుండా రెండు వేళ్లు ఆ చోట ఆనించి, కళ్లు మూసుకుని, అది తెలిసేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. నాలుగేళ్లు అలాగే గడిచాయి. నాన్నగారు పోయిన తరువాత కూడా చాలా రోజులు, నిద్రలో ఆవిడ చెయ్యి పక్క మీద దేనికోసమో వెతకడం నేను చూశాను.

ఇంకొక సంగతి. నాన్నగారికి రోజుకు ముప్పావు లీటరు నీళ్లే. ఒక స్టీలు గ్లాసులో నూట యాభై మిల్లీలీటర్లు కొలిచి, అక్కడ అమ్మ మేకుతో గీత గీసింది. ఆ గీత దాకా రోజుకు ఐదు గ్లాసులు. మందులు మింగడానికి కూడా అందులోవే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరిచెట్లు సగానికి పైగా నేలకూలాయి. మిగిలిన చెట్లను కన్నబిడ్డల్లా కాపాడుకున్న మనిషికి, పొటాషియం ఎక్కువని, సొంత చెట్టు బొండాం నోటి దగ్గర పెట్టుకునే యోగం కూడా లేకపోయింది. ఇంటికి ఎవరొచ్చినా బొండాం కొట్టి ఇచ్చి, వాళ్లు తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూసేవారు.

నేను నాట్యంలో చెప్పదలచుకున్నది ఇవే. చావు ఘట్టం నాకు ముఖ్యం కాదు. అంతకు ముందు నాలుగేళ్లు చేసిన చాకిరీ ముఖ్యం. అయితే మా పెదనాన్నగారు, "తండ్రి పోయిన ఏడాదిలో కాళ్లకు గజ్జె కడతావా?" అని కోప్పడ్డారు. మా మేనత్త, ఊళ్లో ఇంకా డయాలసిస్‌కు వెళ్లివస్తున్నవారు ఉండగా ఇది అపశకునమని బాధపడింది. అమ్మ ఏమీ అనలేదు. అనుభవజ్ఞులైన మీరు చెప్పండి: ఇది చేయదగిన పనేనా? చేస్తే, చూడవచ్చినవారి గాయాన్ని రేపకుండా ఎలా చేయాలి? అందరి కష్టాన్నీ నా కళకు సరుకుగా వాడుకుంటున్నానేమో అనే భయం కూడా నాకు ఉంది.

మద్దెల మాస్టారు, విజయనగరం:

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లకు పైగా మన ఉత్తరాంధ్ర వీధి ప్రదర్శన అయిన తూర్పు భాగవతానికి మద్దెల వాయించినవాణ్ణి కనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా మీ పెదనాన్నగారి మాటను తీసిపారేయవద్దు. తల్లో తండ్రో పోయిన ఇంట్లో ఏటిసూతకం పాటించడం మనవారి ఆచారం. ఆయన కోపంలో తమ్ముడు పోయిన బాధ ఉంది; మీ నాట్యం మీద ద్వేషం ఉందని నేను అనుకోను. సంవత్సరీకం పూర్తయ్యి, బంధువులంతా భోజనాలు చేసిన మరునాటి సాయంత్రం పెట్టుకోండి. సూతకం తీరిపోతుంది, వచ్చిన చుట్టాలూ ఊళ్లోనే ఉంటారు. ఆయన దగ్గరకు మీరే వెళ్లి, మొదటి దీపం మీరు వెలిగించాలి పెదనాన్నా అని అడగండి.

ఇక చావుకూ ఆటపాటలకూ సంబంధం లేదనే మాట మన ప్రాంతానికి వర్తించదు. శంఖం, డప్పు లేకుండా మన ఊళ్లలో పాడె లేచేదా? నా చిన్నతనంలో మా నాయనమ్మ శోకం పెడుతుంటే విన్నాను. మాట మామూలుగా మొదలై, సగానికి వచ్చేసరికి రాగంలోకి ఎక్కి, చివరి అక్షరం దగ్గర ఊపిరి తెగి కిందికి జారేది. పోయినవారిని వరస పెట్టి పిలవడం, వాళ్ల మంచితనం తలచుకోవడం, వెంటనే నన్నెవరి పాలు చేసి పోయావని నిలదీయడం, ఇవన్నీ ఒక క్రమంలో వచ్చేవి. ఒకావిడకు గొంతు తడారిపోతే పక్కావిడ భుజం మీద చెయ్యి వేసి అందుకునేది. దుఃఖాన్ని ఒక్క మనిషి మీదనే మోయనివ్వకపోవడం అందులో ఉన్న గొప్ప ఏర్పాటు. దాన్ని వేదిక మీద అనుకరించవద్దని మాత్రం మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఆ గొంతు అసలైన చావు దగ్గర తప్ప నిలబడదు.

మా విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి పండుగనే చూడండి. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజు మరణించాడని తెలిసి, చెల్లెలు పైడితల్లి పెద్దచెరువులో ఐక్యమైందనీ, తరువాత బెస్తవారు వల వేసి అమ్మవారి విగ్రహాన్ని పైకి తీశారనీ జనం చెప్పుకుంటారు. విజయదశమి వెళ్లిన తరువాత వచ్చే మంగళవారం నాడు, పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కదా, దానితోపాటు ఆ బెస్తవారి వల కూడా ఊరేగుతుంది. నేను ఏటా జనంలో నిలబడి ఆ వలకేసి చూస్తాను. ఒక ఆడకూతురి కోసం నీళ్లలో వెతికిన చేతుల పనిని, రెండున్నర శతాబ్దాలు దాటినా, ఒక ఊరు ఊరంతా వీధిలోకి తెచ్చి గుర్తు చేసుకుంటోంది. అన్నను పోగొట్టుకున్న చెల్లెలి దుఃఖం మాకు ఇలవేల్పు అయింది. అలాంటప్పుడు మీ అమ్మగారి రెండు వేళ్లను మీరు ఊరి ముందు పెట్టడం తప్పెలా అవుతుంది?

వాద్యం సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మద్దెల మీద దెబ్బ వేసి చెయ్యి తీస్తే తోలు కాసేపు అదురుతూనే ఉంటుంది. అరచెయ్యి మెల్లగా ఆనిస్తే ఆ అదురు మన చేతిలోకి దిగి ఆగిపోతుంది. మీ నాన్నగారి చేతి గురించి చదివినప్పుడు నాకు వెంటనే అదే గుర్తుకువచ్చింది. మీ రూపకంలో జతులు గుప్పించవద్దు. ఎక్కువ భాగం ఒక్క మద్దెల చాలు. అది కూడా దూరం దూరంగా. మొదటి నుంచీ ప్రేక్షకుల చెవికి ఆ అదురు అలవాటు చేసి, చివర ఒక్కసారి అరచెయ్యి ఆనించి ఆపితే, మాట అవసరం ఉండదు.

ఇచ్ఛాపురం నర్సు:

చెల్లెమ్మా, నేను డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తాను. ఏ ఆసుపత్రి అన్నది అప్రస్తుతం. మీ అమ్మగారు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. అదురు చూసుకోమని మేము ప్రతి ఇంటివారికీ చెబుతాము, కానీ నాలుగేళ్లు విడవకుండా చేసేవారు తక్కువ.

మీ మేనత్తగారి భయాన్ని నేను అపశకునం అనను గాని, అందులో పట్టించుకోవలసిన విషయం ఉంది. మీ ఎదుట కూర్చునేవారిలో, మరునాడు ఉదయం సూదులు పొడిపించుకోవలసినవారు ఉంటారు. వాళ్లలో చాలామంది మీ నాన్నగారితో ఒకే ఆటోలో వచ్చినవారే అయి ఉంటారు. వారికి ఆ మరణం తమ రేపటి రోజులా కనిపిస్తుంది. అందువల్ల ముందుగా ఇళ్లకు వెళ్లి, ఇందులో ఏముంటుందో మీరే నెమ్మదిగా చెప్పండి. రావాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికి వదిలేయండి. వచ్చినవారు మధ్యలో లేచి వెళ్లాలనుకుంటే ఎవరి కాళ్లూ దాటకుండా వెళ్లేలా, చివరి వరుసలో దారి పక్కన కుర్చీలు వేయించండి. డయాలసిస్ అయిన సాయంత్రం మనిషి పీల్చి పిప్పి అయిపోతాడు కనుక, ఎక్కువమందికి సెలవుగా ఉండే రోజు చూసుకోండి. మీ నాన్నగారి కథ చెప్పే హక్కు మీకు, మీ అమ్మగారికి ఉంది. పక్కింటివారి కథ చెప్పాలంటే వారిని అడగాలి. వారు ముందు సరేనని తరువాత వద్దంటే, ఎంత బాగా కుదిరిన ఘట్టమైనా తీసేయాలి.

అభినయానికి పనికివస్తాయని కొన్ని సంగతులు రాస్తున్నాను. మిషన్ ఎక్కే ముందు ఒకసారి, దిగిన తరువాత ఒకసారి బరువు చూస్తాము. ఒంట్లో చేరిన నీరు ఎంతో ఆ తేడా చెబుతుంది. ముందు రోజు కాస్త ఎక్కువ నీళ్లు తాగినవారు, బరువు యంత్రం ఎక్కేటప్పుడు తప్పు చేసిన పిల్లల్లా మా మొహం చూస్తారు. భార్య మాత్రం మా మొహం చూడదు, ముల్లునే చూస్తుంది. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. అందుకని కొందరు ఆ చేతిని నిద్రలో కూడా పక్కన విడిగా, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు, దిండు మీద పెట్టుకుంటారు. సూదులు తీసిన తరువాత రక్తం ఆగేదాకా పది, పదిహేను నిమిషాలు దూది అదిమి పట్టుకోవాలి. చాలాసార్లు పట్టుకునేది భార్యే. మరీ గట్టిగా అదిమితే ఫిస్టులా మూసుకుపోవచ్చు, వదులుగా పట్టుకుంటే రక్తం కారుతుంది. ఆ మధ్య ఒత్తిడి ఎంతో ఆవిడ వేలికి తెలుసు. మీ నాట్యంలో నేను చూడాలనుకునేది అది.

మేము రోగిని పేరు పెట్టి పిలుస్తాము. వెంట వచ్చిన ఆవిడను మాత్రం "పేషెంటు తాలూకు" అని పిలుస్తాము. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు బయట బల్ల మీద కూర్చునే మనిషి పేరు నాకు తెలియదని, ఆ మనిషి ఇక రావడం మానేసిన రోజున గాని నాకు తట్టలేదు. మనిషి పోయిన మరునాడు అదే మంచం మీద కొత్త దుప్పటి వేసి ఇంకొకరిని పడుకోబెడతాము, అది తప్పదు. కానీ ఆవిడ ఎక్కడ ఉంది, ఎలా ఉంది అని అడిగే ఏర్పాటు మాకు లేదు. మీరు ఆ బల్లను వేదిక మీద పెట్టండి, చెల్లెమ్మా.

బొబ్బిలి వాసి:

మాస్టారు చెప్పిన ఆ యుద్ధంలో మా కోటలో రాలిన ప్రాణాల దుఃఖాన్ని కూడా బుర్రకథలు తరతరాలుగా పాడుతూ వచ్చాయి కనుక, ఈ చర్చలో నాకూ కొంత చోటు ఉందనుకుంటున్నాను. నేను నాటకాలు వేయిస్తుంటాను.

ఇతరుల కష్టాన్ని వాడుకుంటున్నానేమో అన్న మీ భయం కొత్తది కాదు. అమెరికాలో బిల్ టి. జోన్స్ అనే నర్తకుడు, ప్రాణాంతకమైన జబ్బులున్న మామూలు మనుషులతో వేర్వేరు ఊళ్లలో కలిసి కూర్చుని, వారు చూపిన కదలికల నుంచి 1994లో "స్టిల్/హియర్" అనే నృత్యాన్ని రూపొందించాడు. ఒక పేరున్న విమర్శకురాలు ఆ ప్రదర్శన చూడనని చెప్పి మరీ, బాధితులను చూపించి జాలి పిండే కళను విమర్శించడం సాధ్యం కాదని వ్యాసం రాసింది. చూడకుండా రాయడం అన్యాయమని నా అభిప్రాయం. అయినా ఆ హెచ్చరికలో ఒక ముక్క మీకు పనికివస్తుంది: జాలి అడగకండి. అంతకు చాలా ముందు, 1930లో, మార్తా గ్రాహం "లామెంటేషన్" అనే చిన్న నృత్యం చేసింది. ఒక బల్ల మీద కూర్చుని, గొట్టంలాంటి సాగే గుడ్డలో ఒళ్లంతా ఇమిడి, దాన్ని లోపలి నుంచి సాగదీస్తూ, మెలితిప్పుతూ ఉంటుంది. అందులో కథ లేదు, ఎవరు పోయారో తెలియదు. బిడ్డ పోయినా ఏడుపు రాని ఒక తల్లి ఆ నృత్యం చూసి మొదటిసారి ఏడవగలిగిందని గ్రాహం తరువాత చెప్పుకుంది. నర్సుగారు అడిగిన బల్ల దగ్గర మీకు ఇది ఉపయోగపడవచ్చు. ఆ ఘట్టమంతా బల్ల దిగకుండా చేసి చూడండి.

నర్సుగారితో ఒక్కచోట మాత్రం నా ఆలోచన వేరు. రేపు సూదులకు వెళ్లవలసినవారు ఎదురుగా ఉన్నారని మరణాన్ని పూర్తిగా దాటవేస్తే, అందరికీ తెలిసిన దాన్ని మీరు దాస్తున్నారని వారికే ముందు తెలుస్తుంది. నాట్యశాస్త్రం మరణాన్ని ముప్పై మూడు వ్యభిచారి భావాలలో, అంటే వచ్చిపోయే భావాలలో, ఒకటిగా లెక్కించి, జబ్బు వల్ల వచ్చేది, దెబ్బ వల్ల వచ్చేది అని వేరు చేసింది కూడా. చూపించవలసిందే, కానీ చూపు ఎక్కడ నిలపాలన్నది మీరు నిర్ణయించుకోవాలి. మాస్టారు చెప్పిన అరచెయ్యి సరిపోతుందని నాకనిపిస్తోంది.

ఆఖరుగా ఒక ఆలోచన. గిడుగు రామమూర్తిగారు మన కొండల్లోని సవరల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం ప్రకటించిన సంగతి మీకు తెలుసు. ఒడిశా వైపు సవరల్లో పూర్వం ఒక పద్ధతి ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల తగ్గిపోయింది. మనిషి పోయిన తరువాత పూనకం వచ్చిన ఆవిడ నోట ఆ మనిషి మాట్లాడేవాడు. ఇంటివారు చుట్టూ కూర్చుని ఏడ్చేవారు, వాదులాడేవారు, ఒక్కోసారి నవ్వేవారు కూడా. ఆ సంభాషణ ఒక్కరోజుతో ముగిసేది కాదు, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ సాగేది. మీ రూపకంలో అమ్మ ఉంది, కూతురు ఉంది. నాన్నగారు మాత్రం సేవ చేయించుకునే శరీరంగానే ఉన్నారు. ఆయనకు కోపం రాలేదా? ఆరో గ్లాసు అడగలేదా? ఆయనను మాట్లాడనివ్వండి.

జీడితోట:

మాస్టారు గారికి, సిస్టర్ గారికి, బొబ్బిలి వాసి గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొన్న ఆదివారం ఊరికి వెళ్లి, మీరు రాసినవన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఆరో గ్లాసు దగ్గరకు వచ్చేసరికి ఆవిడ నన్ను ఆపింది. నేను విజయనగరంలో ఉన్న రోజుల్లో, ఎండాకాలంలో ఒకనాడు, నాన్నగారు ఆరో గ్లాసు కోసం అరిచి, ఇవ్వకపోయేసరికి గ్లాసు విసిరికొట్టారట. ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోలేదట. అయినా అర్ధరాత్రి ఆవిడ వేళ్లు ఆనించడానికి లేచేసరికి, ఆయన మెలకువగానే ఉండి, చెయ్యి తనే ముందుకు చాపి పెట్టారట. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకు తెలియదు. రూపకం మధ్యలో ఇదే ఉంటుంది. ఆ చాపిన చెయ్యి నాన్నగారి మాట అవుతుంది. చివర మాస్టారి అరచెయ్యి ఉంటుంది, ఆ తరువాత ఖాళీ బల్ల.

పెదనాన్నగారు దీపం వెలిగిస్తానని ఇంకా అనలేదు. మరునాటి సాయంత్రమైతే అడ్డు చెప్పనని మాత్రం అన్నారు. డయాలసిస్‌కు వెళ్లే నాలుగు ఇళ్లకు నేనూ అమ్మా కలిసి వెళ్లాము. మూడు ఇళ్లవారు వస్తామన్నారు. నాలుగో ఇంటావిడ రానని చెప్పి, గుమ్మం దాకా వచ్చి, ఆ దూది పట్టుకునేటప్పుడు బొటనవేలు వాడకూడదని, చూపుడువేలూ మధ్యవేలూ కలిపి పట్టాలని నా చేతి మీద చూపించి పంపింది.

గ్లాసు ఇమ్మని అమ్మను అడిగాను. ఒక పక్క సొట్ట పడింది, గీత మాత్రం అలాగే ఉంది. అది వేదిక మీదకు రాదని, సోంపేట వెళ్లి అలాంటిదే ఇంకొకటి కొనుక్కోమని చెప్పింది. కొని తెచ్చాను. గీత మాత్రం తనే గీసి ఇచ్చింది.